గ్రామాల్లో మురుగునీటి శుద్ధి - సాగులో సురక్షిత వినియోగం

ఇంటింటికీ కుళాయి వచ్చాక పల్లెల్లో నీటి వాడకం పెరిగింది. బిందెలతో మోసుకొచ్చిన రోజుల్లో చెంబు లెక్కన వాడిన నీటిని ఇప్పుడు బకెట్ల లెక్కన వాడుతున్నాం. ఇంట్లోకి వచ్చిన నీటిలో ఎక్కువ భాగం వాడాక మళ్ళీ బయటికే వస్తుంది. సిమెంటు రోడ్లు, పక్క కాల్వలు ఉన్న ఊళ్ళలో కూడా ఆ కాల్వ ఎక్కడ ముగుస్తుందో వెళ్ళి చూస్తేనే అసలు సమస్య తెలుస్తుంది. చాలా చోట్ల అది చెరువులోకో, పల్లంలో ఉన్న రైతు చేలోకో, ఊరి చివరి ఇళ్ళ ముందుకో చేరి ఆగిపోతుంది. పై వీధి శుభ్రంగా ఉంటే సరిపోదు, కింది వీధి కూడా శుభ్రంగా ఉండాలి.

చిన్న గ్రామానికి పట్టణాల్లో మాదిరి భారీ యంత్రాలతో కూడిన శుద్ధి కేంద్రం అవసరం లేదు. ఇంటి దగ్గర ఇంకే నీటిని అక్కడే ఇంకించాలి. మిగిలినదాన్ని ఊరి చివర చెరువులు లేదా మొక్కల పడకల ద్వారా శుద్ధి చేయాలి. ఆ నీటిని తగిన పంటకు వాడుకోవాలి. ఈ మూడు పనులూ ఎలా చేయాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ తెలుసుకుందాం.

మురుగునీటిలో రకాలు

ఇంటి నుంచి వచ్చే వ్యర్థ నీటిని రెండు రకాలుగా చూడాలి.

- స్నానం, బట్టలు ఉతకడం, అంట్లు తోమడం వల్ల వచ్చే నీరు. దీన్ని గ్రే వాటర్ అంటారు. పరిమాణంలో ఇదే ఎక్కువ. సబ్బు, నూనె జిడ్డు, అన్నం మెతుకులు, మట్టి ఇందులో ఉంటాయి. రోగకారక క్రిములు తక్కువే గాని, అసలు ఉండవని అనుకోకూడదు. పసిపిల్లల బట్టలు ఉతికిన నీరు కూడా ఇందులోనే కలుస్తుంది.
- మరుగుదొడ్డి నుంచి వచ్చే నీరు. దీన్ని బ్లాక్ వాటర్ అంటారు. పరిమాణం తక్కువ, ప్రమాదం ఎక్కువ. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు కలిగించే క్రిములు, ఏలిక పాములు, కొంకి పురుగుల గుడ్లు దీని ద్వారానే వ్యాపిస్తాయి.

ఈ రెండింటినీ కలవనివ్వకపోవడమే గ్రామ మురుగునీటి శుద్ధిలో మొదటి సూత్రం. వేరుగా ఉంచితే ఎక్కువ నీటిని తక్కువ ఖర్చుతో శుద్ధి చేయవచ్చు. కలిపేస్తే మొత్తం నీటినీ ప్రమాదకరమైనదిగానే చూడాల్సి వస్తుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగే నీటిని వీధి కాల్వలోకి వదలడం చాలా గ్రామాల్లో జరుగుతున్న పొరపాటు.

మీ ఊరి మురుగు ఎంత? ముందు లెక్క వేసుకోండి

జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇవ్వాలన్నది ప్రమాణం. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా వస్తుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు.

ఉదాహరణకు 1200 మంది ఉన్న ఊరిని తీసుకుందాం.

- రోజుకు వచ్చే నీరు: 1200 × 55 = 66,000 లీటర్లు
- అందులో మురుగు: సుమారు 52,800 లీటర్లు. సులువుగా 50,000 లీటర్లు అనుకోవచ్చు.

సొంత బోర్లు ఉన్న ఇళ్ళు, పశువుల కొట్టాలు ఎక్కువగా ఉంటే ఇంకా పెరుగుతుంది. సరైన అంచనా కోసం ఊరి ప్రధాన కాల్వ చివర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎంత సమయం పడుతుందో చూడాలి. తెల్లవారుజామున, ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం, సాయంత్రం కొలిస్తే వేళను బట్టి తేడా తెలుస్తుంది. ఉదయం కుళాయి వదిలిన రెండు మూడు గంటల్లోనే ఎక్కువ మురుగు వస్తుంది. తొట్లు, కాల్వలు ఆ ఉధృతికి తట్టుకునేలా ఉండాలి.

శుద్ధి చేయకుండా వదిలితే కలిగే నష్టాలు

- నిలిచిన మురుగులో క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. బోదకాలు వ్యాపించేది ఈ దోమ ద్వారానే.
- మురుగులోని నత్రజని నైట్రేటుగా మారి బావులు, బోర్లలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. నైట్రేటు కాచినా పోదు. పాలపొడి కలుపుకుని తాగే పసిబిడ్డలకు ఇది ఎక్కువ హాని చేస్తుంది.
- చెరువులో గుర్రపుడెక్క అలుముకుంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి.
- కాల్వ చివరి రైతు పొలం ఎప్పుడూ తడిగా ఉండి, ఉప్పు పేరుకుని, క్రమంగా పంటకు పనికిరాకుండా పోతుంది.

మొదటి మెట్టు: ఇంటి దగ్గరే ఇంకించడం

పెరటి మొక్కలు

పెరడు ఉన్న ఇంటికి అన్నిటికంటే చవకైన శుద్ధి కేంద్రం అరటి, కొబ్బరి మొక్కలే. అంట్లు తోమే చోటు నుంచి వచ్చే నీటిని ముందు చిన్న జల్లెడ, మడ్డి తొట్టి గుండా పంపి అరటి పాదుకు మళ్ళించాలి. పాదులో ఎండుటాకులు, కొబ్బరి పీచు వేస్తే జిడ్డు అక్కడే ఆగి కుళ్ళిపోతుంది. నీటిని రోజు మార్చి రోజు వేరే పాదుకు తిప్పాలి. ఆకుకూరల మడికి మాత్రం ఈ నీరు పెట్టవద్దు.

ఇంకుడు గుంత

పెరడు లేని ఇంటికి ఇంకుడు గుంత తగినది. అయితే అన్ని నేలల్లో ఒకే కొలత పనికిరాదు. గుంత తవ్వే ముందు నేల ఎంత నీరు తాగుతుందో పరీక్షించుకోవాలి.

పరీక్ష చేసే విధానం: గుంత తవ్వాలనుకున్న చోట, అనుకున్న లోతు వరకు జానెడు వెడల్పు రంధ్రం చేయాలి. అడుగున 5 సెం.మీ. కంకర వేసి, 30 సెం.మీ. ఎత్తు వరకు నీరు నింపి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు కంకర మీద 15 సెం.మీ. నీరు ఉండేలా నింపి, ఎంత వేగంగా దిగుతుందో కొలవాలి. 2.5 సెం.మీ. దిగడానికి 30 నిమిషాల లోపు పడితే ఇంకుడు గుంత బాగా పనిచేస్తుంది. గంట దాటితే అక్కడ ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోవద్దు.

గుంత గోడల వైశాల్యంలో ఒక చదరపు మీటరు రోజుకు ఇంకించగల నీరు సుమారుగా ఇలా ఉంటుంది.

- ఇసుక నేల: 50 లీటర్లు
- ఇసుక కలిసిన గరప నేల: 25 లీటర్లు
- బంక కలిసిన ఎర్ర నేల: 10 నుంచి 20 లీటర్లు
- నల్లరేగడి: 10 లీటర్ల లోపే

ఐదుగురున్న ఇంటి నుంచి రోజుకు 180 లీటర్ల వాడిన నీరు వస్తుందనుకుందాం. గరప నేలలో 180 ÷ 25 = 7.2 చదరపు మీటర్ల గోడ కావాలి. 1.2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, నీరు చేరే గొట్టం కింద 1.5 మీటర్ల లోతు ఉన్న గుంతకు సరిగ్గా అంత గోడ ఉంటుంది. అందరూ తవ్వే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంతకు 4 చదరపు మీటర్ల గోడే ఉంటుంది. అది ఏడాది తిరిగేసరికి పొంగడానికి ఇదే ముఖ్య కారణం. చోటు లేకపోతే రెండు చిన్న గుంతలు తవ్వి మార్చి మార్చి వాడాలి. ఒకటి ఆరితే దాని గోడలు మళ్ళీ నీరు తాగే స్థితికి వస్తాయి.

నల్లరేగడిలో ఇదే లెక్కకు 18 చదరపు మీటర్లకు పైగా గోడ కావాలి. అంత గుంత ఇంటి ముందు తవ్వడం కుదరదు. పైగా రేగడి వానాకాలంలో ఉబ్బి నీరు తాగడం మానేస్తుంది. అలాంటి ఊళ్ళు నేరుగా ఊరుమ్మడి శుద్ధికి వెళ్ళడం మేలు.

తీసుకోవాల్సిన జాగ్రత్తలు:

- గుంతకు ముందు తప్పనిసరిగా మడ్డి తొట్టి ఉండాలి. ఒకటిన్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు సరిపోతుంది. జిడ్డు, బూడిద, ఇసుక అందులో ఆగాలి. వారానికోసారి తీసి ఎరువు గుంతలో వేయాలి.
- గుంత తాగునీటి బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. రాతి పగుళ్ళున్న నేలలో ఇంకా దూరం పాటించాలి. ఇంటి పునాదికి కూడా దూరంగా ఉండాలి.
- భూగర్భ జలం పైకి ఉన్న చోట, ముఖ్యంగా డెల్టా గ్రామాల్లో, గుంత అడుగుకు, నీటి మట్టానికి మధ్య కనీసం 2 మీటర్ల మట్టి ఉండాలి. లేకపోతే గుంత తవ్వవద్దు.
- పైన మూత పెట్టాలి. మూత లేని గుంత దోమల తొట్టి అవుతుంది, పిల్లలు పడే ప్రమాదమూ ఉంది.
- వాన నీటి గుంత వేరు, మురుగు గుంత వేరు. రెండింటినీ కలపవద్దు.

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్‌లో ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వుకుని వీధుల్లో మురుగు నిలవకుండా చేసుకున్నారు. కొన్ని ఇళ్ళు తవ్వి కొన్ని వదిలేస్తే వీధి మారదు. వీధి మొత్తం ఒకేసారి తవ్వుకోవాలి.

మరుగుదొడ్డి: రెండు గుంతల పద్ధతి

మరుగుదొడ్డి నీటికి ఇంటి దగ్గరే పరిష్కారం రెండు గుంతల పద్ధతి. ఒక గుంత నిండాక గొట్టాన్ని రెండో గుంతకు మార్చాలి. నిండిన గుంతను మూసి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు వదిలేస్తే, నీరు మట్టిలోకి ఇంకి, మలం వాసన లేని పొడి ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, వివిధ రాష్ట్రాల అధికారులు స్వయంగా గుంతల్లోకి దిగి ఈ ఎరువును తవ్వి తీశారు. కాలం తీరిన గుంతను ఖాళీ చేయడంలో అపాయం గాని, అవమానం గాని లేదని చూపడమే వారి ఉద్దేశం.

ఇందులో మూడు విషయాలు మరవకూడదు.

1. స్నానాల నీటిని ఈ గుంతల్లోకి వదలవద్దు. గుంత తడారకపోతే ఎరువు తయారు కాదు.
2. రెండు గుంతల మధ్య కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. లేకపోతే వాడుతున్న గుంత నీరు నిండిన గుంతలోకి ఊరుతుంది.
3. రెండు గుంతలనూ ఒకేసారి వాడితే అది రెండు గుంతల పద్ధతి కాదు. రెండూ ఒకేసారి నిండి, పచ్చి మలాన్ని తీయాల్సి వస్తుంది.

సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు రెండు మూడేళ్ళకోసారి మడ్డి తీయించాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ మనిషిని లోపలికి దించవద్దు. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేన్ వాయువులు ఉంటాయి. ఒక్క శ్వాసతో స్పృహ తప్పవచ్చు. పడిపోయినవారిని కాపాడబోయి దిగినవారు కూడా చనిపోయిన సంఘటనలు దేశంలో ఎన్నో జరిగాయి. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనుషులతో సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడం నేరం. యంత్రంతో పీల్చే ట్యాంకరునే పిలవాలి.

ట్యాంకరులో తీసిన పచ్చి మడ్డిని ఎరువు అనుకుని కొందరు రైతులు పొలంలో పోయించుకుంటున్నారు. ఇది ప్రమాదకరం. ఏలిక పాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి. దగ్గరలో మల వ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంటే అక్కడికే పంపాలి. శుద్ధి చేయని మడ్డిని కనీసం ఏడాది ఆరబెట్టి నిల్వ ఉంచకుండా పొలంలో వాడకూడదు.

రెండో మెట్టు: ఊరుమ్మడి శుద్ధి

ఇళ్ళ దగ్గర ఇంకని నీరు కాల్వల ద్వారా ఊరి పల్లానికి చేరుతుంది. అక్కడ మూడు దశల్లో శుద్ధి చేయాలి.

మొదటి దశ: జల్లెడ, మడ్డి తొట్టి

కాల్వ చివర ఇనుప ఊచల జల్లెడ పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లు, చెత్త అక్కడే ఆగుతాయి. ఆ తర్వాత మడ్డి తొట్టి. ఇసుక, బరువైన మడ్డి అడుగుకు దిగుతాయి, జిడ్డు పైకి తేలుతుంది. తొట్టిని రెండు అరలుగా కట్టుకుంటే ఒకటి శుభ్రం చేసేటప్పుడు రెండోది పనిచేస్తుంది. ఈ దశ సరిగా లేకపోతే ఎంత ఖర్చుపెట్టి కట్టిన చెరువైనా, పడకైనా పూడిపోతుంది.

రెండో దశ: శుద్ధి చెరువులు

స్థలం ఉన్న ఊరికి ఇది సులువైన పద్ధతి. ఒకటిన్నర మీటర్ల లోతు చెరువులో నీరు పది రోజులు నిలుస్తుంది. ఎండకు పెరిగే నాచు ప్రాణవాయువును ఇస్తుంది, మేలు చేసే బాక్టీరియా మురికిని కుళ్ళబెడుతుంది. కరెంటు అవసరం లేదు. రోజుకు 50,000 లీటర్లు వచ్చే మన ఉదాహరణ గ్రామానికి పది రోజుల నీరు 500 ఘనపు మీటర్లు. ఒకటిన్నర మీటర్ల లోతుకు సుమారు 330 చదరపు మీటర్లు, అంటే 8 సెంట్ల పైచిలుకు నీటి విస్తీర్ణం కావాలి. దాని తర్వాత 1.2 మీటర్ల లోతుతో ఐదు రోజుల నిల్వకు మరో 5 సెంట్ల చెరువు ఉంటే క్రిములు ఇంకా తగ్గుతాయి. గట్లు, దారితో కలిపి 20 నుంచి 25 సెంట్లు చూసుకోవాలి.

నీరు 8 నుంచి 10 రోజులు కదలకుండా నిలిస్తే పేగు పురుగుల గుడ్లు అడుగుకు దిగిపోతాయి. సాగుకు వాడే నీటికి ఇది చాలా ముఖ్యం. అందుకే చెరువు ఒక మూల నీరు లోపలికి వస్తే ఎదురు మూల నుంచి బయటికి పోవాలి. లోపలికి, బయటికి గొట్టాలు పక్కపక్కనే ఉంటే కొత్త మురుగు నిలవకుండా నేరుగా బయటికి పోతుంది.

చెరువు అడుగు బంకమట్టితో గట్టిగా దిమ్మిస చేయాలి. ఇసుక నేల అయితే ప్లాస్టిక్ షీటు వేయాలి. ఇళ్ళకు కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి. చుట్టూ కంచె తప్పనిసరి. గట్ల మీద కలుపు లేకుండా చూస్తే దోమలు తగ్గుతాయి. గంబూసియా చేపలు వదిలితే దోమ పిల్లలను తింటాయి, కానీ వీటిని శుద్ధి చెరువుకే పరిమితం చేయాలి.

మరో పద్ధతి: మొక్కల పడక

స్థలం ఊరికి దగ్గరగా ఉంటే మొక్కల పడక మేలు. ఇందులో నీరు పైకి కనిపించదు, దోమల బెడద ఉండదు. అడుగున నీరు ఇంకకుండా షీటు గాని, సిమెంటు గాని వేసి, 60 సెం.మీ. మందాన కంకర నింపాలి. నీరు ఒక చివర నుంచి ప్రవేశించి కంకర లోపలే మెల్లగా రెండో చివరకు చేరాలి. అడుగు 1 శాతం వాలు ఉండాలి. కంకరలో మెట్టతామర, జమ్ము, వట్టివేరు వంటి మొక్కలు నాటాలి. కంకరకు, వేళ్ళకు అంటుకుని పెరిగే బాక్టీరియా మురికిని తింటుంది. మొక్కలు కొంత నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి.

మనిషికి అర చదరపు మీటరు నుంచి ఒక చదరపు మీటరు వరకు పడక కావాలి. 1200 మందికి 15 నుంచి 30 సెంట్లు. కంకర కొనాలి కాబట్టి చెరువు కంటే ఖర్చు ఎక్కువ. కంకర కడిగినదై ఉండాలి. దుమ్ము కలిసిన కంకర వేస్తే ఆరు నెలల్లో పడక మూసుకుపోయి నీరు పైకి ఉబుకుతుంది.

రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఊరి వాడిన నీటికి ఇలాంటి మొక్కల పడకలు ఏర్పాటు చేసి, శుద్ధి అయిన నీటిని సాగుకు వాడే పద్ధతిని చూపారు. పంజాబులోని సీచేవాల్ గ్రామంలో బల్బీర్ సింగ్ సీచేవాల్ ఆధ్వర్యంలో ఊరి మురుగును వరుస తొట్లలో తేర్చి, చెరువులో నిలిపి, పొలాలకు మళ్ళించారు. రెండు చోట్లా యంత్రాల కంటే నిర్వహణ చూసే మనుషులే ముఖ్యం.

మూడో దశ: నిల్వ కుంట

శుద్ధి అయిన నీరు రోజూ వస్తుంది, పంటకు రోజూ అవసరం ఉండదు. మూడు నాలుగు రోజుల నీరు పట్టే కుంట ఉంటే సాగుకు వీలు. వానాకాలంలో మిగిలే నీరు ఎటు పోవాలో కూడా ముందే నిర్ణయించాలి. వాన నీరు శుద్ధి చెరువులోకి దూరకుండా పక్కకు పోయే మళ్ళింపు కాల్వ తప్పనిసరి.

మూడో మెట్టు: సాగులో వినియోగం

ఎంత భూమికి వస్తుంది?

ఎకరం పంటకు రోజుకు 5 మి.మీ. నీరు కావాలంటే సుమారు 20,000 లీటర్లు. మన ఉదాహరణ గ్రామంలో ఆవిరి, ఇంకుడు పోగా 40,000 లీటర్లు మిగిలితే 2 ఎకరాలకు సరిపోతుంది. ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. కానీ మే నెలలో బోర్లు ఎండినా ఆగకుండా వచ్చే నీరు ఇదే. 2 ఎకరాల పచ్చిమేత వేసవిలో ఊరి పాడికి పెద్ద ఆసరా.

ఏ పంటలు వేయాలి?

- నిశ్చింతగా వేయదగినవి: టేకు, వెదురు, సుబాబుల్ వంటి చెట్లు, పత్తి, ఆముదం, కో రకాల నేపియర్ వంటి పశుగ్రాసాలు. గ్రాసానికి కోతకు రెండు వారాల ముందు ఈ నీరు ఆపి, కోసిన మేతను ఎండలో వాడబెట్టి వేయాలి. పశువులను చేలో నేరుగా మేపవద్దు.
- జాగ్రత్తతో వేయదగినవి: కొబ్బరి, మామిడి, అరటి, మొక్కజొన్న. పండ్ల తోటలకు కోతకు రెండు వారాల ముందు నీరు ఆపాలి. నేల రాలిన కాయలు అమ్మవద్దు.
- వేయకూడనివి: కొత్తిమీర, పుదీనా, పాలకూర, ముల్లంగి, క్యారెట్, ఉల్లి, టమాట, కీరదోస. పచ్చిగా తినేవి, నేలకు తగిలేవి ఏవీ వద్దు.

నీరు ఎలా పెట్టాలి?

డ్రిప్పు అన్నిటికంటే సురక్షితం. నీరు ఆకుకు, కాయకు, మనిషికి తగలదు. అయితే నాచు వల్ల రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి ఇసుక ఫిల్టరు తప్పనిసరి. అది కుదరకపోతే బోదెల ద్వారా పెట్టాలి. స్ప్రింక్లర్లు వాడవద్దు, గాలిలో తుంపరలతో క్రిములు ఇళ్ళ వైపు వస్తాయి.

పొలంలో పనిచేసేవారు బూట్లు, చేతి తొడుగులు వేసుకోవాలి. కొంకి పురుగు పాదం చర్మం గుండానే లోపలికి పోతుంది. పని ముగిశాక సబ్బుతో చేతులు, కాళ్ళు కడుక్కోవాలి. ఆ నీటి గొట్టం దగ్గర 'ఇది తాగే నీరు కాదు' అని బోర్డు పెట్టాలి.

ఎరువు తగ్గించుకోవాలి

ఈ నీటిలో నత్రజని ఉంటుంది. లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న నీటిని ఎకరాకు 2 లక్షల లీటర్లు పెడితే, అది రెండు అంగుళాల తడి. దాంతో 6 కిలోల నత్రజని, అంటే సుమారు 13 కిలోల యూరియా వేసినట్లే. ఇలా పది తడులు పెట్టి, పైన మామూలు మోతాదు యూరియా కూడా వేస్తే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, పురుగు ఎక్కువవుతుంది, పత్తిలో కాపు ఆలస్యమవుతుంది. నీటి పరీక్ష చేయించుకుని ఆ మేరకు యూరియా తగ్గించాలి.

ఉప్పు మీద కన్నేయాలి

సబ్బులు, డిటర్జెంటుల వల్ల నీటిలో సోడియం పెరుగుతుంది. నీటి ఈసీ 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు. 0.7 నుంచి 3 వరకు పంటను బట్టి జాగ్రత్త పడాలి. 3 దాటితే ఉప్పును తట్టుకోలేని పంటలకు వాడకూడదు. ఏడాదికోసారి వేసవిలో మట్టి పరీక్ష చేయించాలి. నేల గట్టిపడి నీరు ఇంకడం తగ్గితే పరీక్ష ఫలితం ప్రకారం జిప్సం వేయాలి. వానాకాలంలో మంచి నీటితో ఉప్పు కిందికి కడిగిపోయేలా మురుగు నీటి కాల్వ బాగా ఉండాలి.

హైదరాబాదు దిగువన మూసీ వెంట రైతులు దశాబ్దాలుగా నగర మురుగు కలిసిన నీటితో పారాగడ్డి, వరి పండిస్తున్నారు. నగర మురుగులో ఫ్యాక్టరీల వ్యర్థాలు కూడా ఉంటాయి. పల్లె మురుగుకు ఆ బెడద సాధారణంగా లేదు. ఆ మేలును మనమే పాడుచేసుకోకూడదు. మందు కొట్టే స్ప్రేయర్లు, పురుగుమందు డబ్బాలు కాల్వలో కడగవద్దు. బ్యాటరీ ఆమ్లం, వాడేసిన ఇంజను నూనె కాల్వలో పోయవద్దు. వీటివల్ల శుద్ధి చేసే బాక్టీరియా చచ్చిపోతుంది, మొక్కల పడక పనిచేయదు.

నిర్వహణ పట్టిక

- రోజూ: జల్లెడ దగ్గర చెత్త తీయాలి.
- వారానికోసారి: మడ్డి తొట్టిలో తేలిన జిడ్డు తీయాలి. కాల్వలో అడ్డంకులు చూడాలి.
- నెలకోసారి: గట్ల మీద కలుపు కోయాలి. గొట్టాలు శుభ్రం చేయాలి. మొక్కల పడకలో నీరు పైకి ఉబుకుతోందేమో చూడాలి.
- మూడు నెలలకోసారి: మడ్డి తొట్టి అడుగు మడ్డి తీసి ఆరబెట్టాలి. మొక్కల పడకలో ముదిరిన మొక్కలు కోయాలి. కోసినవి అక్కడే వదిలేస్తే కుళ్ళి మళ్ళీ నీటిలోనే కలుస్తాయి.
- ఏడాదికోసారి: వానలకు ముందు మళ్ళింపు కాల్వ పూడిక తీయాలి. నీరు, మట్టి పరీక్ష చేయించాలి. చుట్టుపక్కల తాగునీటి బోర్లలో నైట్రేటు చూడాలి.

గ్రామసభలో ముందే తేల్చుకోవాల్సినవి

కట్టిన ఏడాదికే మూలపడిన శుద్ధి చెరువులు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావరకు లోపం కట్టడంలో కాదు, ముందు మాట్లాడుకోకపోవడంలో ఉంది.

1. స్థలం: పల్లం వైపు ఉండే కాలనీ పక్కనే చెరువు కట్టడం సులువుగా కనిపిస్తుంది. ఆ కాలనీ వారి అంగీకారం లేకుండా అక్కడ పెట్టవద్దు. వాసన, దోమ వచ్చినా భరించేది వారే.
2. నీటి హక్కు: నీరు ఏ రైతుకు, ఎన్ని రోజులకు, ఎంత రుసుముకు? ఇన్నాళ్ళూ మురుగు తన చేలో భరించిన రైతుకు మొదటి అవకాశం ఇవ్వడం న్యాయం. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఏ పంటలు వేయకూడదో అందులో రాయాలి.
3. మనిషి: జల్లెడ తీసేది ఎవరు? జీతం, బూట్లు, చేతి తొడుగులు పంచాయతీ పద్దులో ఉండాలి. నీటి రుసుము నుంచి కొంత దీనికి కేటాయించవచ్చు.
4. నిధులు: స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండో దశ మార్గదర్శకాల్లో వాడిన నీటి నిర్వహణకు 5000 లోపు జనాభా ఉన్న గ్రామాలకు తలకు రూ. 280 వరకు, అంతకు మించిన గ్రామాలకు రూ. 660 వరకు నిర్ణయించారు. ఆ లెక్కన 1200 మందికి రూ. 3,36,000. ఉపాధి హామీ పనుల కింద ఇంకుడు గుంతలు తవ్వించిన గ్రామాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ప్రస్తుత కేటాయింపులను ఎంపీడీవో కార్యాలయంలో కనుక్కోవాలి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: నీరు తేటగా, వాసన లేకుండా ఉంది. కూరగాయలకు పెట్టవచ్చా?
జవాబు: పెట్టవద్దు. క్రిములు కంటికి కనిపించవు. తేటగా ఉన్నంత మాత్రాన శుద్ధి అయినట్లు కాదు.

ప్రశ్న: చెరువు నీరు ఆకుపచ్చగా మారింది. పాడైందా?
జవాబు: లేదు. అది నాచు, చెరువు బాగా పనిచేస్తోందనడానికి గుర్తు. నీరు నల్లబడి కుళ్ళు వాసన వస్తే మురుగు ఎక్కువైందని, లేదా మడ్డి పేరుకుందని అర్థం.

ప్రశ్న: గుర్రపుడెక్క నీటిని శుభ్రం చేస్తుందంటారు, వేయవచ్చా?
జవాబు: వద్దు. పోషకాలను పీల్చుకున్నా, అది వేగంగా చెరువంతా కప్పేసి ఎండ తగలకుండా చేస్తుంది. నాచు చచ్చి, దోమలు పెరుగుతాయి. వాన వరదకు ఊరి చెరువులోకీ చేరుతుంది.

ప్రశ్న: ఇంకుడు గుంత పొంగుతోంది, ఏం చేయాలి?
జవాబు: ముందు మడ్డి తొట్టి చూడండి. అది నిండితే జిడ్డు గుంతలోకి పోయి గోడలకు పట్టేస్తుంది. రెండు వారాలు నీరు వేరే వైపు మళ్ళించి గుంత ఆరనివ్వాలి. అప్పటికీ తాగకపోతే రాళ్ళు తీసి కడిగి, గోడలను చెక్కి, మళ్ళీ నింపాలి.

ప్రశ్న: మా ఊళ్ళో 60 ఇళ్ళే. మాకు చెరువు అవసరమా?
జవాబు: నేల నీరు తాగితే అవసరం లేదు. ఇంకుడు గుంతలు, పెరటి అరటి, రెండు గుంతల మరుగుదొడ్లు సరిపోతాయి. రేగడి నేల అయితే మడ్డి తొట్టితో చిన్న మొక్కల పడక వేసుకోవచ్చు.

ముందుగా చేయాల్సిన పని

పథకం వచ్చే వరకు ఆగకుండా ఈ వారంలోనే ఒక పని చేయవచ్చు. మీ వీధి కాల్వ వెంట చివరి వరకు నడవండి. ఏ ఇంటి సెప్టిక్ ట్యాంకు కాల్వలో కలుస్తోందో, ఎక్కడ నీరు నిలుస్తోందో, చివరకు ఎవరి చేలోకి, ఏ బావి పక్కకు చేరుతోందో రాసుకోండి. ఆ కాగితం వచ్చే గ్రామసభలో చదివితే చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది. కొలతలు, అంచనాలకు గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజినీరును, పంటలు, మట్టి పరీక్షలకు మీ మండల వ్యవసాయ అధికారిని సంప్రదించండి.